పడవలో స్నానాల గది: తూము నీటిని తోడు పంపును ఎన్నుకొనుట

ఇంటిలో స్నానము చేసిన నీరు ఎక్కడికి పోవుచున్నదని సాధారణముగా ఎవరును ఆలోచింపరు. గచ్చు ఒక మూలకు వాలియుండును. ఆ మూలను తూముండును. తూమునుండి నీరు తనంత తానే వీధి కాలువలో పడును. నీరు పల్లమెరుగునని మన పెద్దలు ఊరక అనలేదు. అయితే వీధి కాలువయే తూముకంటె ఎత్తున నుండినచో ఏమి చేయవలెను? రోడ్డుమీద రోడ్డు వేయగా వేయగా పల్లమున పడిపోయిన ఇండ్లవారికి ఈ చిక్కు తెలియనిది కాదు. ఇంగ్లండు దేశమున కాలువ పడవలలో కాపురముండు వారికి ఇది దినదినము ఎదురగు సమస్య. ఆ పడవలో స్నానాల గది నేల కాలువ నీటిమట్టమునకు దిగువన నుండును. కావున స్నానపు నీటిని బయటికి తోడుటకు అక్కడ ఒక చిన్న విద్యుత్తు పంపు లేనిదే జరుగదు. అట్టి పంపును ఏ గుణములు చూచి ఎన్నుకొనవలెనో, సంఖ్యలు చూచి ఎన్నుకొనిన ఏల మోసపోవుదుమో ఈ ప్రసంగమున ముచ్చటింతుము.

ముందుగా ఆ పడవల సంగతి కొంత చెప్పవలెను. బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు వర్స్‌లీలోని తన గనులనుండి మాంచెస్టరు పట్టణమునకు బొగ్గు చేరవేయుటకై త్రవ్వించిన కాలువ 1761లో తెరువబడెను. ఆ పనిలో పేరుపొందిన జేమ్స్ బ్రిండ్లీ అను ఇంజనీరు తరువాత ట్రెంట్, మెర్సీ నదులను కలుపు మహా కాలువకు పూనుకొనెను. 1766లో మొదలైన ఆ కాలువ, 1772లో బ్రిండ్లీ మరణించిన పిమ్మట, 1777లో పూర్తియయ్యెను. దానిమీద లాకులు చాలవరకు ఏడడుగుల వెడల్పున మాత్రమే కట్టబడినవి. లాకు ఇరుకైనకొలది కట్టుబడి ఖర్చును తగ్గును, ఒక్కొక్క పడవను దాటించుటకు పట్టు నీరును తగ్గును. లాకు అను మాట మనకు క్రొత్తది కాదు. ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన తరువాత, గోదావరి డెల్టా కాలువలలో పడవలు ఎగువకు దిగువకు నడచినది లాకుల గుండనే గదా.

లాకు ఎంత వెడల్పో పడవయు అంతలోనే ఇమడవలెను. అందుచే ఇంగ్లండులోని ఇరుకు కాలువల పడవ ఆరడుగుల పది అంగుళముల వెడల్పున, డెబ్బది అడుగుల వరకు పొడవున, పట్టాలమీద రైలుపెట్టె నీటిలో దిగినట్లు కనుపించును. దానిని వారు నారోబోట్, అనగా ఇరుకు పడవ, అందురు. పూర్వము దాని పొడవంతయు సరకునకే సరిపోయెడిది. పడవవాడు భార్యాబిడ్డలతో వెనుక కొసనున్న పదడుగుల గదిలో కాపురము చేసెడివాడు. అందు పొయ్యి యుండెడిది, మడిచి పెట్టు పడక యుండెడిది, రంగురంగుల పూలు చిత్రించిన నీటిడబ్బా పైకప్పు మీద నుండెడిది. స్నానాల గది మాత్రము లేదు.

1944లో ఎల్.టి.సి. రోల్ట్ అను రచయిత తన పడవ ప్రయాణమును గూర్చి గ్రంథము ప్రకటింపగా, పాడుపడుచున్న కాలువలమీద జనులకు మరల ఆసక్తి కలిగెను. 1946లో రోల్టును, రాబర్ట్ ఐక్‌మన్ అను మరియొక రచయితయు మరికొందరితో కూడి కాలువల పరిరక్షణకు సంఘమును స్థాపించిరి. 1962–63 శీతకాలమున కాలువలు వారములకొలది గడ్డకట్టుటతో సరకు రవాణా చాలవరకు అంతరించెను గాని, కాలువలు మిగిలినవి. ఇంగ్లండు, వేల్సు దేశములలో సుమారు రెండువేల మైళ్ళ జలమార్గములను 2012 నుండి ఒక ధర్మనిధి సంస్థ పోషించుచున్నది. పూర్వము బొగ్గు మోసిన కొలతలకే నేడు ఉక్కు పడవలు క్రొత్తగా కట్టి, వానిలో వంటగది, పడకగది, స్నానాల గది అమర్చుకొని వేలకొలది కుటుంబములు సెలవులు గడుపుచున్నవి. కొందరికి అదియే ఇల్లు.

ఇక అసలు విషయమునకు వత్తము. పడవ అడుగు రేకు నీటిమట్టమునకు రెండడుగులనుండి రెండున్నర అడుగుల లోతున నుండును. ఆ రేకుమీద పడవ నిలుకడకై ఇటుకలో, రాతిపలకలో బరువుగా పేర్చి, దానిపైన చెక్కనేల పరతురు. అనగా నేల, అడుగు రేకునుండి ఆరెనిమిది అంగుళముల పైన మాత్రమే యున్నది. లెక్కించినచో, నేలపై నిలుచున్న మనిషి పాదములు కాలువ నీటిమట్టమునకు ఇంచుమించు అడుగున్నర దిగువన నున్నవన్నమాట. వంటగదిలో గిన్నెలు కడుగు తొట్టి నడుమెత్తున నుండును గనుక దాని నీరు ప్రక్కగోడలోని రంధ్రముగుండ తనంత తానే కాలువలో పడును. షవరు క్రింది పళ్ళెము మాత్రము నేలమీదనే యుండక తప్పదు. దానికి రంధ్రము చేసి గొట్టము పెట్టినచో స్నానపు నీరు కాలువలోనికి పోదు. కాలువయే పడవలోనికి వచ్చును.

కావున నీటిని ఎత్తవలెను. ఎంత ఎత్తవలెను? పళ్ళెమునుండి నీటిమట్టము వరకు అడుగున్నర. అక్కడినుండి ప్రక్కగోడలోని బయటి రంధ్రము వరకు మరి పది అంగుళములు. గొట్టమును ఆ రంధ్రముకంటె కొంత పైకెక్కించి వంచి దింపుట క్షేమము గనుక ఇంకొంత. అంతయు కలిపి మూడడుగులు, కాదేని ఒక మీటరు. ఎంత నీరు? పడవలో నీరు పొదుపుగా వాడుకొనవలసినది గనుక షవరునుండి నిమిషమునకు ఐదారు లీటర్లకు మించి రాదు. నిమిషమునకు ఆరు లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తుటకు కావలసిన శక్తి లెక్కగట్టిన ఒక్క వాటు మాత్రమే.  అయినను అంగడిలో దొరకు పంపులలో కొన్ని నలుబది, ఏబది వాట్లు పుచ్చుకొనును. తక్కిన శక్తి యంతయు రాపిడికిని, గొట్టపు వంపులకును, యంత్రపు వేడికిని పోవును.

ఈ చిన్న లెక్కను మేము చెప్పుటకు కారణమున్నది. పంపు కొనువారు మొట్టమొదట చూచునది పెట్టెమీద ముద్రించిన సంఖ్య. గంటకు ఇన్నివేల లీటర్లు అని యుండును. సంఖ్య పెద్దదైనచో పంపు మంచిదని తలంతురు. కాని పని ఒక్క వాటుది. ఏ పంపైనను ఆ పనికి బలము చాలును. చాలనిది వేరొకటి: స్నానపు నీరు శుభ్రమైన నీరు కాదు. అందు వెంట్రుకలున్నవి, సబ్బుజిడ్డున్నది, బట్టల పీచున్నది. స్నానము ముగియుచుండగా నీటితో సమముగా గాలియు వచ్చును. ఈ నాలుగింటితో పంపు ఎట్లు నెగ్గుకొని వచ్చునో అదియే దాని యోగ్యత. ఎన్ని లీటర్లు తోడునను ప్రశ్న రెండవది. వెంట్రుకను, గాలిని ఏమి చేయునను ప్రశ్న మొదటిది.

ఈ ప్రశ్నను చేత పట్టుకొని అంగడిలోనికి పోవుదము. పడవలకు పనికివచ్చు పంపులు ముఖ్యముగా మూడు తెగలవి.

మొదటిది సెంట్రిఫ్యూగల్ పంపు. కవ్వము వేగముగా తిరిగినపుడు మజ్జిగ కుండ అంచులకు ఎగబ్రాకుట చూచియుందురు. ఈ పంపులోను అట్లే ఒక రెక్కల చక్రము గిరగిర తిరిగి, నీటిని అంచుకు విసరి గొట్టములోనికి త్రోయును. మన రైతులు కాలువగట్టున పెట్టు ఇంజను పంపు ఈ జాతిదే. నీరు పోయనిదే ఆ పంపు పట్టుకొనదనియు, అందుకే గొట్టము చివర ఫుట్ వాల్వు పెట్టుదురనియు వారెరుగుదురు. గాలి నీటికంటె ఎన్నో వందల రెట్లు తేలిక గనుక చక్రము దానిని విసరజాలదు, విసరనిది పీల్చజాలదు. అందుచే పడవలో ఈ పంపును ఎల్లప్పుడు నీటిలో మునిగియుండునట్లు ఒక చిన్న ప్లాస్టిక్కు తొట్టిలో దింపి, ఆ తొట్టిని పళ్ళెముకంటె దిగువన అమర్తురు. స్నానపు నీరు ముందు తొట్టిలో పడును. నీటిమట్టము పెరుగగా ఒక బెండు తేలి స్విచ్చిని కలుపును; పంపు తిరుగును; నీరు తగ్గగా బెండు దిగి పంపు ఆగును. మనము చేయవలసినదేమియు లేదు. వెలయు తక్కువ.

ఇంత సులువైన దానికి లోపమేమనగా, తొట్టి ఎన్నడును పూర్తిగా ఎండదు. పంపు ఆగినంతనే, గొట్టములో ఎక్కుచున్న నీరు వెనుకకు జారి తొట్టిలో పడును. ముప్పాతిక అంగుళపు గొట్టము మూడడుగులు నిలువుగా నున్నచో అది పావు లీటరు. ఆ పావు లీటరును, చక్రము క్రింద అందకుండ మిగిలిన నీరును కలిసి రేపటి వరకు అక్కడనే నిలువయుండును. సబ్బు పేరుకొనును, వెంట్రుకలు జాలిని చుట్టుకొనును, నాలుగు దినములకు గది అంతయు కంపుకొట్టును. బెండు జిడ్డుపట్టి పైననే నిలిచిపోయినచో పంపు వట్టిగా తిరుగుచునే యుండును. క్రిందనే నిలిచిపోయినచో తొట్టి పొంగి నీరు నేలక్రిందికి పోవును. నీరు వెనుకకు జారకుండ పంపు తరువాత గొట్టములో కవాటము పెట్టుదుమందురా, ఆ కవాటమున వెంట్రుక చిక్కుట యొకటి. దానిపై నిలిచిన నీటిక్రింద గాలి బంధింపబడి పంపు మరల పట్టుకొనక పోవుట మరియొకటి. కావున ఈ తరహా కొనువారు వారమున కొకసారి మూత తీసి తొట్టిని కడుగుటకు సిద్ధపడవలెను. తొట్టి మూత చేతికందు చోట ఉన్నదో లేదో కొనకముందే చూచుకొనవలెను. పళ్ళెమును బిగించి మూతను దాని క్రింద శాశ్వతముగా దాచిన పడవలలో ఈ పంపు ఇంటివారికి శిక్ష.

రెండవ తెగ రబ్బరు రెక్కల పంపు. ఇందు మెత్తని రబ్బరు రెక్కలుగల చక్రము ఒక గుండ్రని గదిలో తిరుగును. గది ఒక ప్రక్క ఇరుకు. అక్కడ రెక్కలు వంగును, ఇరుకు దాటినంతనే విచ్చుకొనును. వంగి విచ్చుకొనునపుడు నీరు పీల్చబడును. ఇది గాలిని పీల్చగలదు, నీటికంటె పైనను అమర్పవచ్చును. కాని రెక్కలకు నీరే నూనె. నీరు లేక కొద్ది నిమిషములు తిరిగినచో రబ్బరు వేడెక్కి చిరిగిపోవును. స్నానము ముగిసిన ప్రతిసారియు పళ్ళెము వట్టిపోవును గదా. వట్టిపోవుటకు ఓర్వని పంపును వట్టిపోవు చోటనే పెట్టుట వివేకము కాదు. ఇంజనును చల్లబరచు నీటిని తిప్పుటకు ఇది మేలైన పంపు. షవరునకు తగినది కాదు.

మూడవది డయాఫ్రం పంపు. దీనిని కొలిమితిత్తితో పోల్చవచ్చును. కమ్మరి తిత్తిని లాగినపుడు ఒక రంధ్రమున గాలి లోనికి వచ్చును, నొక్కినపుడు మరియొక రంధ్రమున బయటికి పోవును. ఒక వైపునకే తెరచుకొను తోలుమూతలు గాలిని వెనుకకు పోనీయవు. ఈ పంపులోను మోటారు ఒక రబ్బరు పొరను పైకి క్రిందికి ఆడించును. రెండు రబ్బరు కవాటములు నీటిని ఒక్క దిక్కునకే నడిపించును. తిత్తికి గాలియు నీరును ఒక్కటే. కావున ఇది వట్టిగా తిరిగినను చెడదు. పళ్ళెముకంటె పైన నున్నను నీటిని పీల్చుకొనును. పళ్ళెమునకు ఆరేడడుగుల దూరమున, పడకక్రిందనో, ముఖము కడుగు తొట్టిక్రిందనో పెట్టుకొనవచ్చును. కవాటములు వెడల్పైనవి యగుచో వెంట్రుకలు, పీచు అడ్డుపడక నీటితోనే బయటికి పోవును. పళ్ళెము క్రింద తొట్టి యుండదు గనుక నిలువనీరును లేదు, కంపును లేదు.

దీని లోపములును చెప్పవలెను. నిమిషమునకు పండ్రెండునుండి పదునాలుగు లీటర్లు తోడుట ఈ తెగలో సాధారణము. గంటకు రెండువేల లీటర్లు, అనగా నిమిషమునకు ముప్పదికి పైగా, చెప్పుకొను మొదటి తెగ పంపు ప్రక్కన ఈ సంఖ్య చిన్నదిగా కనుపించును. కాని ఆ ముప్పది, ఎత్తును గొట్టమును లేని చోట కొలిచినది. మూడడుగుల ఎత్తు, ఇరుకు గొట్టము, రెండు వంపులు కలిసినచో అందు చాల భాగము హరించును. మనకు వచ్చునది ఆరు లీటర్లు. పండ్రెండు దానికి రెండింతలు. అంతకుమించి ఎందుకు? రెండవ లోపము చప్పుడు. రోకటిపోటువలె డుబ్బు డుబ్బుమని మ్రోగును. చెక్కగోడకు గట్టిగా బిగించినచో పడవ అంతయు తప్పెటయగును. రబ్బరు దిమ్మలమీద నిలిపి, గొట్టములు గోడకు తగులకుండ చూచినచో సగము తగ్గును. మూడవది వెల, తొట్టితో కూడిన పంపుకంటె ఇది హెచ్చు.

ఒక హెచ్చరిక. డయాఫ్రం పంపులన్నియు ఒక్కటి కావు. కుళాయిలకు మంచినీరు పంపుటకు వాడునవియు ఆ జాతివే. కాని వానిలో మూడు నాలుగు చిన్న గదులు, సన్నని కవాటములు ఉండును. వానికి ఒక్క వెంట్రుక చాలును. మురుగునీటికని ప్రత్యేకముగా చెప్పబడినదానినే అడిగి తీసికొనవలెను. ముందు జల్లెడ బిగింపనిదే పనిచేయదని కాగితముమీద వ్రాసియున్నచో, ఆ జల్లెడను కడుగు పని తమమీద పడినదని గ్రహింపవలెను. ఏ కంపెనీ సరకునైనను మెచ్చుట మా పని కాదు; ఈ ఒక్క వాక్యము కొరకు కాగితమును వెదకుడని మాత్రము చెప్పుదుము.

మా అభిప్రాయము ఇది. సకుటుంబముగా ఏడాది పొడవున పడవలో నుండువారికి డయాఫ్రం పంపే తగినది. హెచ్చు పెట్టిన వెల, తప్పిన చాకిరిలో తిరిగి వచ్చును. వేసవిలో నాలుగు దినములు మాత్రమే పడవ నెక్కువారు, తొట్టి మూత చేతికందు చోట నున్నచో, చౌకదానితో సరిపెట్టుకొనవచ్చును. అయితే తొట్టి పట్టుటకు పళ్ళెము క్రింద నాలుగైదు అంగుళముల లోతు కావలెను. నేలక్రింద అంత లోతు లేనిచో పళ్ళెమును ఎత్తవలసి వచ్చును. ఈ పడవలలో నేలకు కప్పుకు నడుమ ఆరడుగులపైన కొద్ది అంగుళములే యుండును గనుక, పొడగరి తల వంచి స్నానము చేయవలసినదే.

పంపును ఎన్నుకొనుటతో పని ముగియలేదు. మంచి పంపును చెడ్డగా బిగించుట, చెడ్డ పంపును మంచిగా బిగించుటకంటె అపాయకరము. ఇందు ప్రాణమునకు సంబంధించినది బయటి రంధ్రపు ఎత్తు. నీటిమట్టమునకు కనీసము పది అంగుళముల పైన అది యుండవలెను. ఏల యనగా పడవ ఎల్లప్పుడు సమముగా నుండదు. జనులందరు ఒక ప్రక్కకు చేరినను, లాకులో ఒక అంచు గోడకు చిక్కినను అది ఒరుగును. రంధ్రము ఒక్కసారి నీటిలో మునిగినచో, గొట్టమునిండ నీరుండుటచే కాలువ నీరు వెనుకకు తిరిగి పళ్ళెములోనికి, పళ్ళెమునుండి పడవలోనికి ప్రవహింప మొదలిడును. పంపులో కవాటములున్నవి గదా యని ధైర్యపడరాదు. కవాటముల నడుమ ఒక్క వెంట్రుకల ముడి చిక్కినచో అవి మూసికొనవు. అందుచే గొట్టమును ముందు వీలైనంత పైకి, పడవ అంచు దాకా ఎక్కించి, అక్కడ హంసమెడవలె వంచి, రంధ్రమునకు దింపవలెను. రాత్రి ఇంటివారు నిద్రించుచుండగా పడవను కాపాడునది ఆ వంపే గాని రబ్బరు ముక్క కాదు.

గొట్టము లోపల నున్నగా నుండవలెను. ముడతల గొట్టము వంచుటకు సులువే గాని, ప్రతి ముడతలోను సబ్బు పేరుకొనును. ప్రతి అతుకునకును స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ బిగింపవలెను. నేలక్రింద కనుపడని చోట ఒక అతుకు ఊడినచో, ప్రతి స్నానముతో రెండు లీటర్లు పడవ అడుగునకు చేరును. ఆ నీరు వెంటనే పడవను ముంచదు. నెలలకొలది నిలిచి అడుగు రేకును లోపలినుండి తుప్పుపట్టించును. పైకి రంగులు వేసి మెరయు పడవ అడుగునుండి తినివేయబడుట అట్లే.

పళ్ళెపు వాలు సంగతియు మరువరాదు. మంచినీటి టాంకు చాల పడవలలో ముందు కొసన నుండును. అది నిండినపుడు అయిదారువందల కిలోల బరువు ముందు నుండి పడవ ముక్కు క్రుంగును, వట్టిపోయినపుడు తేలును. కావున సోమవారమున తూమువైపు వాలిన పళ్ళెము శనివారమున ఎదురువైపు వాలవచ్చును. టాంకు సగము నిండియుండగా తూము చోటును నిర్ణయించి, మిగిలిన నీటిని త్రోయుటకు ఒక రబ్బరు చీపురును ఉంచుకొనుట ఉత్తమము.

ఇక విద్యుత్తు. ఈ పంపులు పండ్రెండు వోల్టుల బాటరీమీద నడచును. పంపు నాలుగు ఆంపియర్లు తీసికొనుననుకొందము. ఐదు నిమిషముల స్నానమునకు పట్టునది ఒక ఆంపియర్-గంటలో మూడవ వంతు. నూటపది ఆంపియర్-గంటల బాటరీకి అది లెక్కలోనిది కాదు. కాని స్విచ్చి ఆపుట మరచి నిద్రపోయినచో ఎనిమిది గంటలలో ముప్పదిరెండు ఆంపియర్-గంటలు, అనగా బాటరీలో పావు వంతుకు పైగా, హరించును. కావున స్విచ్చి ప్రక్కన పంపు తిరుగుచున్నంతసేపు వెలుగు చిన్న దీపమొకటి ఉండవలెను. కొంత సేపటికి తనంత తానే ఆగు స్విచ్చి ఇంకను మేలు.

తీగ లావును గూర్చి ఒక మాట. బాటరీలు వెనుక ఇంజను దగ్గర, స్నానాల గది నడుమ. నలుబది అడుగుల దూరమైనచో విద్యుత్తు పోయి రావలసిన దారి ఎనుబది అడుగులు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేసినచో నాలుగు ఆంపియర్లకు దారిలోనే ముప్పాతిక వోల్టు దాక తరిగిపోవును. పండ్రెండులో అది చిన్న లోటు కాదు, పంపు మందగించును. ఆరు మిల్లీమీటర్ల తీగ వేసినచో తరుగు మూడవ వంతు వోల్టునకు లోబడును. పంపు చెడినదని మార్చినవారిలో కొందరు నిజముగ మార్చవలసినది తీగను. పంపు తయారుచేసినవారు చెప్పిన విలువగల ఫ్యూజును బాటరీవైపున తప్పక పెట్టవలెను. పండ్రెండు వోల్టులు మనిషిని కొట్టకపోవచ్చును గాని, తీగలు కలిసినచో చెక్కను కాల్చగలవు. ఇంటి కరెంటుతో నడచు పంపును మాత్రము స్నానాల గదికి రానీయరాదు.

సంరక్షణ స్వల్పమే. స్నానము ముగిసిన పిమ్మట అరనిమిషము శుభ్రమైన వేడినీరు పోనిచ్చి, పళ్ళెము వట్టిపోవు వరకు పంపును నడుపవలెను. తూమునోట చిల్లుల మూత ఒకటి పెట్టి వెంట్రుకలను ఏనాటికానాడు తీసివేయవలెను. ఇంగ్లండు శీతకాలమున పంపులో నిలిచిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి దాని కడుపును చీల్చును. పడవను విడిచిపోవునపుడు పంపును వట్టిపోనిచ్చి పోవలెను. రబ్బరు పొర, కవాటములు విడిగా దొరకునో లేదో కొనునపుడే అడిగి, ఒక జత తెచ్చి పెట్టుకొనుట దూరదృష్టి.

స్నానపు నీటిని కాలువలోనికి విడుచుట అక్కడ అనుమతింపబడినదే. మరుగుదొడ్డి మలినమును విడుచుట మాత్రము నిషిద్ధము. అయినను ఆ నీటిలో బాతులు, చేపలు బ్రదుకవలెను గనుక, తేలికగా కరగి జీర్ణించు సబ్బునే వాడుట పడవవారి మర్యాద.

ఇంతవరకు చెప్పినదానిని నాలుగు ప్రశ్నలుగా గుర్తుంచుకొనవచ్చును. ఈ పంపు గాలిని మ్రింగి బ్రతుకునా? వెంట్రుక దీనిగుండ పోవునా, దీనిలో నిలుచునా? నిలుచునెడల తీయుటకు చేయి అందునా? ఇది ఆగిపోయిన రాత్రి, కాలువ నీరు లోనికి రాకుండ ఆపునది ఏది? ఈ నాలుగింటికి సరియైన జవాబు దొరికిన తరువాత, ఎన్ని లీటర్లు తోడునని అడుగవచ్చును. పల్లపు ఇంటిలో స్నానాల గది నీటిని పైనున్న వీధి కాలువకు ఎక్కింపదలచిన మన గృహస్థులకును ఇవే ప్రశ్నలు, ఇదే వరుస. వాని పంపు పెద్దది కావచ్చును, విద్యుత్తు వేరు కావచ్చును. వెంట్రుక, సబ్బు, గాలి ఎక్కడనైనను ఒక్కటే.